ఆయిలింజనుకు వడపోతలను, ఇంజనాయిలును ఎంచుకొను విధము

గడచిన సార్వాలో వరి పొట్టమీద నున్న దినములయందు, కాలువ చివరి గ్రామమొకదానిలో మన సభ్యుడొకరి ఆయిలింజను కొన్ని దినములు నల్లని పొగ విడిచి, బలము తగ్గి, తుదకు ఎంత త్రిప్పినను అందుకొనక నిలిచిపోయెను. ఆ పొలమునకు కాలువ నీరు వంతు ప్రకారము చేరదు. మురుగు కాలువనుండి నీరెత్తినగాని పైరు గట్టెక్కదు. మెకానిక్కు వచ్చి హెడ్డు విప్పినప్పుడు మేమును అచ్చటనే యుంటిమి. లైనరు పైభాగమున గోటితో రాచి చూచిన గోరు తట్టుకొనునంత గట్టు ఏర్పడియుండెను. రింగులు అరిగి కత్తి యంచులవలె నుండెను. అట్టి అరుగుదల చాల సంవత్సరములు నడచిన యంత్రమునకు రావలసినది; ఈ యింజనుకు లైనరు మార్చి రెండు సంవత్సరములైనను నిండలేదు.

సామాను తెప్పించి బిగించునప్పటికి పదునొకండు దినములు పట్టెను. ప్రక్క పొలము రైతు రాత్రివేళలందు తన యింజను నిచ్చి ఆదుకొనెను గాని, మెరకగా నున్న చెక్క యెండిపోయి ఆ భాగమున కంకులు తాలుపోయెను. ఆ సభ్యుడు మమ్ము చూచి, "అయ్యా, ఖరీదైన ఆయిలే పోసితిని. వేళకు మార్చితిని. నేను చేసిన తప్పేమి?" అని యడిగెను. గాలి వడపోత పెట్టె మూత తీసి చూడగా సమాధానము దొరకినది. లోపలి కాగితపు వడపోత అంగడిలో చవుకగా దొరకిన అనుకరణ సామాను. దాని రబ్బరు అంచు ఒకవైపున పెట్టెకు ఆనక, రెండు బియ్యపు గింజల మందము సందు విడిచియున్నది. ఆ సందు వెంబడి ధూళి దారికట్టి లోనికి పోయిన గుర్తులు స్పష్టముగా నుండెను. అంతకు నెలదినములకు పూర్వము మేము ఆ యింజను ప్రక్కనే నిలుచుండి పైయెరువు వేయు విషయము మాటలాడి వచ్చితిమి గాని ఆ మూత తీసి చూచినవారము కాము. ఆ తప్పులో మాకును భాగము కలదు. ఆ సభ్యుడు అడిగిన ప్రశ్నకు పొలముగట్టున చెప్పిన సమాధానము చాలదని తోచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ముందుగా మాటల విషయము. మన గ్రామములలో డీజిలును ఆయిలనియే పిలుతురు, అందుచేతనే దానికి ఆయిలింజనను పేరు వచ్చినది. యంత్రము లోపల జారుడుకొరకు పోయు నూనెను గూడ ఆయిలనియే యందురు. అంగడిలో ఈ రెండర్థముల వలన పొరపాట్లు జరుగుచుండుట మేమెరుగుదుము. కావున ఈ వ్యాసమున మండెడు దానిని డీజిలనియు, జారుడు నూనెను ఇంజనాయిలనియు వ్రాయుదుము.

ఇప్పుడు ఆయిలింజను పాఠమెందుకని కొందరడుగవచ్చును. ఆంధ్రదేశమున 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు మొదలైనది. తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీ నుండి ఇరువది నాలుగు గంటల ఉచిత విద్యుత్తు మొదలైనది. అందువలన బావులమీదను బోరులమీదను మోటార్లు వచ్చి ఆయిలింజనులు కొట్టములు చేరినమాట నిజమే. అయినను కాలువ చివరి భూములలోను, మురుగు కాలువల గట్లమీదను, లంకలలోను, తీగ చేరని మెట్టలలోను నేటికిని డీజిలు ఇంజనే దిక్కు. ట్రాక్టరు సంగతి చెప్పనక్కరలేదు. పంపుకు చెప్పినది ట్రాక్టరుకును చాలవరకు వర్తించును. భేదమున్నచోట్ల వేరుగ చెప్పెదము.

ఈ యంత్రమున పెట్రోలు ఇంజనులోవలె నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. పిష్టను గాలిని గట్టిగా నొక్కగా ఆ గాలి మిక్కిలి కాగును. దానిలోనికి నాజిలు డీజిలును మంచువలె చిమ్మగా తనంత మండును. జర్మనీ దేశస్థుడగు రుడాల్ఫు డీజిలు 1897లో ఇట్టి యంత్రమును ఆగ్సుబర్గు పట్టణమున నడిపి చూపెను. వేరుసెనగ పండించు మన రైతులు వినదగిన సంగతి యొకటి కలదు: 1900 సంవత్సరమున పారిసు ప్రదర్శనములో ఇట్టి చిన్న యంత్రమొకటి వేరుసెనగ నూనెతో నడచెను. అట్లని నేటి యింజనులో పల్లీనూనె పోయరాదు. అది చిక్కనిదగుటచే నాజిలు కొసన బొగ్గు కట్టును, రింగులు జిగురుపట్టి బిగిసిపోవును. ఈ కథ చెప్పుటకు వేరు కారణమున్నది. ఈ యంత్రము మండెడు దాని విషయమున కొంత ఓర్చుకొనును గాని, మట్టిని, నీటిని మాత్రము ఎన్నడును ఓర్చుకొనదు. వడపోతలన్నియు ఆ రెండింటిని ఆపుటకే యున్నవి.

వడపోతలు మూడు: గాలికొకటి, డీజిలుకొకటి, ఇంజనాయిలుకొకటి. రైతులు సాధారణముగా ఇంజనాయిలు విషయమున ఎక్కువ శ్రద్ధయు, డీజిలు విషయమున కొంత శ్రద్ధయు చూపి, గాలిని మరచుదురు. మా అభిప్రాయమున ఈ వరుస తలక్రిందులుగా నుండవలెను. ఎందుకనగా, ఒక లీటరు డీజిలు కాలుటకు పదివేల లీటర్లకు పైగా గాలి కావలెను. నిమిషమునకు 650 చుట్లు తిరుగు ఆరు గుఱ్ఱముల పాత తరహా ఇంజను గంటకు సుమారు 25,000 లీటర్ల గాలిని పీల్చును. ఎనిమిది గంటలు నడచినయెడల పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తుగల గిడ్డంగిలోని గాలియంతయు దాని లోనుండి పోవును. ఆ గాలిలో నున్న ధూళి పాలెక్కువ ఇసుక జాతిది. ఇసుక రవ్వ లైనరు ఇనుముకంటె గట్టిది. అది ఇంజనాయిలుతో కలిసి, సానరాయి మీది ముద్దవలె రింగులకును లైనరుకును నడుమ నిలిచి రెండింటిని ఒరసివేయును. ఎంత మంచి ఇంజనాయిలైనను ఈ పనిని ఆపజాలదు. పైన చెప్పిన సభ్యునికి జరిగినదిదియే.

గాలి వడపోతలు రెండు తరహాలుగా నున్నవి. ఒకటి నూనెగిన్నె తరహా: గాలి గిన్నెలోని నూనెను తాకుచు తీగల దూది గుండా పోవును, ధూళి నూనెలో చిక్కుకొనును. పాత పంపులకును, అనేక ట్రాక్టర్లకును ఇదియే యుండును. దీనికి క్రొత్త సామాను కొననక్కరలేదు. గిన్నెలో గుర్తువరకు శుభ్రమైన ఇంజనాయిలు పోసిన చాలును. గిన్నె అడుగున వ్రేలు పెట్టి చూడుడు. బురద తగిలెనా, పారబోసి కడిగి మరల నింపవలెను. మామూలు దినములలో వారమునకొకసారి చూచిన సరిపోవును; నూర్పిళ్ల కాలమునను, దుమ్ములేచు మెట్టదుక్కులలోను ప్రతి దినమును చూడవలెను. గుర్తునకు మించి పోయుట తక్కువ పోయుటకంటె అపాయకరము. ఎక్కువైన నూనెను ఇంజను పీల్చుకొని దానినే ఇంధనముగా కాల్చుచు, డీజిలు కట్టివేసినను ఆగక పరుగెత్తును. అట్టి సమయమున గాలిదారికి మందమైన చెక్కమూత గట్టిగా అడ్డుపెట్టి ఊపిరి ఆపుట తప్ప మార్గము లేదు. అరచేయి పెట్టరాదు.

రెండవది కాగితపు తరహా. దీనిని కొనునప్పుడు పాతదానిని వెంట తీసికొనిపోయి ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఎత్తు, వెడల్పు సరిపోయిన చాలదు. మడతలు దగ్గరదగ్గరగా సమముగా నుండవలెను. మడతలు తక్కువైనకొలది కాగితము తక్కువ, అనగా త్వరగా నిండును. రెండు కొసలందును జిగురు ఎచ్చటను తెగక కాగితమును పట్టియుండవలెను. రబ్బరు అంచు మెత్తగా, నొక్కిన మరల లేచునట్లుండవలెను. ఇంటికి వచ్చిన తరువాత లోపల దీపము పెట్టి వెలుపలనుండి చూడుడు. సూదిబెజ్జమంత వెలుగు నేరుగా కనబడినను ఆ సామానును తిరిగి యిచ్చివేయవలెను. పెట్టెలో బిగించునప్పుడు అంచునకు కొద్దిగా గ్రీసు రాచి, మూత వేసి తీసి, గ్రీసు గుర్తు చుట్టును పూర్తిగా పడినదో లేదో చూచిన యెడల ఆనుట తెలియును. పై సభ్యుడు ఈ పరీక్ష చేసియుండినచో ఆ సందు మొదటి దినముననే కనబడియుండును.

కాగితపు వడపోతను పెట్రోలుతోగాని డీజిలుతోగాని కడుగరాదు. నేలకేసి కొట్టరాదు, కొట్టిన జిగురు విడును. గాలితో ఊదవలసి వచ్చినచో మెల్లని గాలిని లోపలినుండి వెలుపలికి ఊదవలెను. మరియు దినదినమును విప్పి చూచుటయు మంచిది కాదు. కొంచెము ధూళి పట్టిన కాగితము క్రొత్త కాగితముకంటె బాగుగ వడబోయును, విప్పిన ప్రతిసారియు కొంత దుమ్ము లోనికి రాలును. వడపోతకును ఇంజనుకును నడుమనున్న రబ్బరు గొట్టము పగిలియుండిన ఇంత శ్రద్ధయు వ్యర్థము. దానిని వంచి చూడుడు; నెఱ్ఱెలు కనబడిన గుడ్డ చుట్టి కాలక్షేపము చేయక వెంటనే మార్చవలెను.

డీజిలు వడపోత సంగతి. పంపులోని ప్లంజరునకును బ్యారలుకును నడుమ సందు రెండు మూడు మైక్రాన్లు మాత్రమే. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవ భాగము. తల వెంట్రుక సుమారు డెబ్బది మైక్రాన్ల మందముండును. అంత సన్నని సందులో డీజిలే జారుడు నూనెగా పనిచేయుచున్నది. మట్టి చేరిన గీతలు పడును, నీరు చేరిన త్రుప్పు పట్టును. ఆ పంపును మరమ్మతు చేయుట మన చేతి పని కాదు; పట్టణమునకు పంపవలసినదే.

ఇచ్చట వడపోతకంటె ముందు క్యాను సంగతి చూడవలెను. బంకునుండి డీజిలు తెచ్చు డబ్బాలో వెనుక పురుగుమందో, నీరో యుండెనన్న దానిని ఏ వడపోతయు సరిచేయజాలదు. తెచ్చిన డీజిలును ఒక రాత్రి కదలక తేరనిచ్చి, అడుగున నాలుగు వ్రేళ్ల మందము విడిచి, పైదానిని సన్నని జల్లెడగల గరాటుతో పోయవలెను. సాయంకాలము పని ముగియగానే ట్యాంకును నింపి యుంచుట మంచి యలవాటు. సగము ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లదనమునకు గాలిలోని తేమ నీరై గోడలవెంబడి దిగును. వడపోత గిన్నె అడుగున నున్న బోల్టును వదులుచేసి నీరు తీసివేయుట వారమునకొకసారి రెండు నిమిషముల పని.

ట్రాక్టర్లకు సాధారణముగా రెండు డీజిలు వడపోతలు వరుసగా నుండును. మొదటిది ముదుక మట్టిని, రెండవది సన్నని మట్టిని ఆపును. ఒకదాని స్థానమున మరియొకటి పెట్టరాదు. క్రొత్త వడపోతను త్వరగా అందుకొనుటకై డబ్బాలోని డీజిలుతో నింపి బిగించుట కొందరు మెకానిక్కుల యలవాటు. వడబోయని డీజిలు శుభ్రమైన వైపునకు అట్లు చేరును గావున అది కూడదు. ఖాళీదానినే బిగించి, చేతిపంపు కొట్టి, గాలి బోల్టు వదులుచేసి, బుడగలు లేని ధార వచ్చువరకు గాలి తీయవలెను. 2023 జనవరి 1 నుండి ఏబది గుఱ్ఱములకు మించిన క్రొత్త ట్రాక్టర్లకు పొగ విషయమున కఠినమైన ట్రెం-4 నిబంధనలు వచ్చినవి. వానిలో అధికమైన ఒత్తిడితో పనిచేయు కామన్‌రైలు పంపులుగల ఇంజనులకు పుస్తకములోని సంఖ్యగల డీజిలు వడపోత తప్ప వేరుదానిని పెట్టుడని మేము చెప్పజాలము.

ఇక ఇంజనాయిలు వడపోత. చేతితో త్రిప్పి బిగించు డబ్బా తరహాయే ఇప్పుడు విశేషముగా వాడుకలో నున్నది. "మరచుట్లు సరిపోయినవి గదా, ఏదైన నేమి?" అను మాట మేము చాలచోట్ల విన్నాము. డబ్బా లోపల కనబడనివి రెండున్నవి. ఒకటి, కాగితము నిండిపోయినప్పుడు ఇంజనాయిలు ఆగిపోకుండ ప్రక్కదారి విడిచెడు కవాటము. ఇది ఎంత ఒత్తిడికి తెరచుకొనవలెనన్నది ఇంజను ఇంజనుకు మారును. మెత్తని స్ప్రింగుండిన ఎల్లప్పుడును తెరచుకొని, ఇంజనాయిలు వడబోయబడకయే తిరుగును. రెండవది, ఇంజను ఆగినప్పుడు ఇంజనాయిలు వెనుకకు జారిపోకుండ పట్టెడు రబ్బరు మూత. అది లేనిచో ప్రతి ఉదయమును అందుకొనిన తరువాత కొన్ని క్షణములు బేరింగులు ఎండుగా తిరుగును. ఈ రెండును వెలుపలికి తెలియవు గావున, పుస్తకములోని సంఖ్యనుబట్టి కొనుటయే మార్గము. ఇంజను కంపెనీ పేరుతోనే కొనవలెనని మా పట్టుదల కాదు. పేరుపొందిన వడపోతల కంపెనీలు తమ పట్టికలలో ఏ సంఖ్యకు తమ ఏ సంఖ్య సమానమో చూపుదురు. ఆ పట్టిక చూపలేని అంగడిలో కొనకుడు. తీసివేసిన పాత వడపోతను ఒకసారి రంపముతో కోసి కాగితము విప్పి ఎండలో చూడుడు. మసి యుండుట సహజము. మెరయు రజను కనబడిన బేరింగులు అరుగుచున్నవని తెలిసికొని, ఇంజను ఆగిపోకముందే మెకానిక్కును పిలువవచ్చును.

వడపోతయే లేని యింజనులు మన గ్రామములందు కొన్ని కలవు. ఇంగ్లండులోని డర్స్లీ పట్టణమున లిస్టరు కంపెనీ 1929లో ప్రారంభించిన నెమ్మది యింజను నమూనాను గుజరాతులోని రాజకోటవారు చేయుచు వచ్చిరి. పెద్ద చక్రములతో దబదబ మ్రోగు ఈ యింజనులు చాలవానిలో, కనెక్టింగు రాడ్డు కొసనున్న చెంచా అడుగు తొట్టిలోని ఇంజనాయిలును చిమ్ముచుండును. మసియు మట్టియు తొట్టి అడుగున పేరుకొనును. నేటి ఇంజనాయిళ్లలో మసిని పేరుకొననీయక తనలోనే కలుపుకొని తిరుగజేయు మందు కలిసియుండును. వడపోతగల యింజనుకు అది మేలు, వడపోత లేని యింజనులో ఆ మసి మరల మరల బేరింగులకు పోవును. అందుచేత కొందరు పాతవారు మందు లేని సాదా ఇంజనాయిలే మంచిదందురు. వారి మాటలో అర్థమున్నది. కాని సాదా రకములు నమ్మకమైనవి దొరకుట కష్టము గనుక, మేము చెప్పునది వేరు: మామూలు డీజిలు ఇంజనాయిలునే పోసి, వడపోతగల ఇంజనుకు చెప్పిన గంటలలో సగమునకే మార్చివేయవలెను. ఏండ్ల తరబడి సాదా ఇంజనాయిలుతో నడచినదానికి మొదటిసారి మందుగలది పోయునప్పుడు, ప్రక్క తలుపు విప్పి అడుగు బురదను గుడ్డతో తుడిచి శుభ్రముచేసి పోయవలెను. లేనిచో పాత బురద కరగి ఒక్కసారిగా కదలును.

ఇంజనాయిలు డబ్బామీద రెండు గుర్తులు చూడవలెను. మొదటిది చిక్కదనము: ఎస్.ఏ.ఇ. 30, 40, లేక 15డబ్ల్యు-40, 20డబ్ల్యు-40 అని వ్రాసియుండును. డబ్ల్యు అనునది చలికాలమునకు గుర్తు. దాని ముందరి అంకె చలిలో ఎంత సులభముగా కదలునో తెలుపును. వెనుకటి అంకె నూరు డిగ్రీల వేడిలో చిక్కదనమును తెలుపును. అనగా వట్టి 40కిని, 15డబ్ల్యు-40కిని, 20డబ్ల్యు-40కిని ఇంజను కాగిన తరువాత చిక్కదనము ఒకే తరగతిలోనిది. భేదమంతయు ఉదయమున చల్లని ఇంజనును త్రిప్పునప్పుడే. మన ప్రాంతమున మంచు కురియదు గావున, పాత నెమ్మది యింజనుకు పుస్తకము వట్టి 40ని ఒప్పుకొనిన దానినే పోయవచ్చును. ఎక్కువ వెలపెట్టి వేరుది కొననక్కరలేదు. ట్రాక్టర్లకును వేగముగా తిరుగు పంపులకును 15డబ్ల్యు-40గాని 20డబ్ల్యు-40గాని పుస్తకములో చెప్పియుండును. ఇంజను పాతబడి పొగవచ్చుచున్నదని మిక్కిలి చిక్కనిది పోయుట నొప్పికి మత్తుమందిచ్చుట వంటిది. రింగులు మార్చుటయే దానికి వైద్యము.

రెండవ గుర్తు ఏ.పి.ఐ. అను అక్షరముల తరువాత నుండును. ఎస్ తో మొదలైనది పెట్రోలు ఇంజనులకు, సి తో మొదలైనది డీజిలు ఇంజనులకు. సి తరువాతి అక్షరము ముందుకు పోయినకొలది క్రొత్త తరగతి: సి.ఎఫ్.-4 1990లోను, సి.హెచ్.-4 1998లోను, సి.ఐ.-4 2002లోను వచ్చినవి. పుస్తకములో సి.ఎఫ్.-4 అని యున్నచోట సి.హెచ్.-4 లేక సి.ఐ.-4 పోయవచ్చును. వెనుకటి తరగతికి దిగరాదు. మోటారు సైకిలుకు పోయగా మిగిలినదానిని పంపులో పోయుట మేము చూచితిమి. అది వేరు యంత్రమునకు చేసినది. అట్లే ట్రాక్టరు వెనుకభాగమున గేర్లకును హైడ్రాలిక్కుకును పోయు ఆయిలు వేరు. డబ్బాలు ఒకే రంగులో నుండవచ్చును గావున చదివి పోయవలెను.

డీజిలులోని గంధకమునకు జడిసి మిక్కిలి ఖరీదైన ఇంజనాయిలు కొనుడని కొన్ని అంగళ్లలో చెప్పుదురు. గంధకము కాలి ఆమ్లమై ఇంజనాయిలును చెరచుట నిజమే. కాని 2017 ఏప్రిలు 1 నుండి దేశమంతటను పది లక్షల భాగములకు 50 భాగములును, 2020 ఏప్రిలు 1 నుండి 10 భాగములును మాత్రమే గంధకము మించకూడదని నియమమేర్పడినది. పెద్దల కాలపు భయము ఇప్పుడు చాలవరకు తీరినది. వెలుపల అమ్మెడు చిన్న సీసాల మందులు, బలము పెంచుననియు పొగ తగ్గించుననియు చెప్పునవి, కొననక్కరలేదు. వలసిన మందు ఇంజనాయిలులో ముందే కలిసియున్నది.

రంగును చూచి ఇంజనాయిలు చెడినదనుకొనుట పెద్ద పొరపాటు. డీజిలు ఇంజనులో క్రొత్త ఇంజనాయిలు కొద్ది గంటలలోనే నల్లబడును. మసిని పట్టుకొనుట దాని పని. పాలవలె తెల్లబడిన నీరు చేరినదని గుర్తు. పలుచబడి, కొలపుల్లమీద మట్టము తనంత పెరిగి, డీజిలు వాసన కొట్టిన నాజిలో పంపో కారుచున్నదని గుర్తు. ఈ రెండు సందర్భములందును ఇంజనును నడుపక కారణము వెదకవలెను. దారిలో మట్టము తగ్గి అదే కంపెనీది దొరకనప్పుడు, అదే చిక్కదనము, అదే తరగతిగల వేరు కంపెనీది కలుపవచ్చును. తక్కువ మట్టముతో నడుపుటకంటె అది వేయి రెట్లు మేలు.

మార్చవలసినది గంటలనుబట్టి. అనేక ఇంజనుల పుస్తకములందు 250 గంటలని యుండును. క్రొత్తదానికిని, లైనరు మార్చినదానికిని మొదటిసారి ఇంకను త్వరగా మార్చవలెను. ట్రాక్టరుకు గంటల మీటరున్నది, పంపుకు లేదు. దినమునకు ఆరు గంటలు నడచిన పంపుకు 250 గంటలు నలుబదిరెండు దినములలోనే నిండును, అనగా ఒక పైరులోనే రెండుసార్లు మార్చవలసి రావచ్చును. సంక్రాంతికి సంక్రాంతికి మార్చుట యను ఆచారము ఎక్కడనుండి వచ్చెనో తెలియదు గాని అది పంపులకు చావు. కొట్టమున గోడకు ఒక నోటు పుస్తకము వ్రేలాడదీసి, నడచిన గంటలు ప్రతి సాయంకాలమును వ్రాయుడు. గంటలు నిండకున్నను సంవత్సరమునకొకసారి మార్చవలసినదే. ఖరీదైన ఇంజనాయిలును ఐదువందల గంటలు లాగుటకంటె మధ్యరకమును వేళకు మార్చుట మేలని మా యనుభవము.

మార్చు విధము క్లుప్తముగా: ఇంజనును నడిపి కాగనిచ్చి ఆపి, వేడిగా నున్నప్పుడే డ్రెయిను బోల్టు విప్పవలెను, అప్పుడే మసి వెంటవచ్చును. చేతులు కాలకుండ చూచుకొనుడు. బోల్టు క్రింది రాగి బిళ్లను మార్చుడు. డబ్బా వడపోత రబ్బరుకు ఇంజనాయిలు రాచి, ఆనిన తరువాత చేతితో ముప్పాతిక చుట్టు మాత్రము బిగింపుడు, పట్టుకారు వలదు. నింపిన పిదప, పాత తరహా యింజనులో డికంప్రెషను లివరు ఎత్తి హ్యాండిలుతో ఇరువది చుట్లు త్రిప్పి తరువాత అందుకొనజేయుడు. బరువులేక అయిదు నిమిషములు నడిపి ఆపి, కొంతసేపు ఆగి మట్టము చూచి తక్కువైనది పోయుడు. పాత ఇంజనాయిలును కాలువలోగాని బావి దాపునగాని పారబోయరాదు. ఎద్దుల గోమార్లు పోవుటకు రాచెడు అలవాటును మానుడు. అందులోని మసి చర్మమునకు విషము. డబ్బాలో నిలువచేసి, అనుమతిగల వ్యాపారికి చేర్చుటకై సంఘమునకు ఇండు.

సంఘముగా కొనుటలో లాభమెక్కువ. ఖాళీ డబ్బాలలో వాడిన ఇంజనాయిలును తేర్చి పోసి మూత అతికి అమ్ముట కొన్నిచోట్ల జరుగుచున్నది. ఒంటరి రైతు అంగడి బల్ల ముందర నిలుచుండి దానిని కనిపెట్టజాలడు. 210 లీటర్ల పీపాను సీలుతో కంపెనీ పంపిణీదారునినుండి బిల్లుతో తెచ్చి, సభ్యుల యెదుట సీలు విప్పి పంచిన ఆ భయముండదు. పీపాను ఆరుబయట నిలువుగా పెట్టరాదు. పైమూతమీద వాననీరు నిలిచి, పగటి వేడికి వ్యాకోచించిన లోపలి గాలి రాత్రి ముడుచుకొనునప్పుడు బిరడా సందులగుండ ఆ నీటిని లోనికి లాగికొనును. కప్పు క్రింద అడ్డముగా పరుండబెట్టవలెను. చిన్న డబ్బాలు కొనువారు ఖాళీ డబ్బాకు మేకుతో చిల్లు పొడిచి పారవేయుడు.

మన సభ్యుడు ఆ యింజనుకు క్రొత్త లైనరు వేయించిన పిదప, గాలి వడపోత పెట్టెకు సరిపోవు సామానును మేమును వెంటనుండి కొనిపించితిమి. నూరు గంటలు నడచిన తరువాత మూత తీసి చూచితిమి. శుభ్రమైన వైపు వ్రేలు పెట్టిన ధూళి అంటలేదు.

దాళ్వా నాట్లకు ముందు పీపా తెప్పించుటకై సభ్యులు తమ ఇంజను తరహా, గుఱ్ఱముల సంఖ్య, చాంబరులో పట్టు లీటర్లు, పాత వడపోతలమీది సంఖ్యలు ఒక చీటిమీద వ్రాసి సంఘ కార్యాలయమున నిచ్చునది. సంఖ్య చెరిగిపోయినచో పాత వడపోతనే గుడ్డలో చుట్టి తీసికొని రావచ్చును. కొలిచి పట్టికతో సరిచూచెదము.